డేటన్‌లో పెద్దవాళ్ళు ఇంకా కొత్త పాటలు కడుతున్నారు

పాత రాక్ బ్యాండ్ల విషయంలో నాకో చాదస్తం ఉంది. ముప్ఫై ఏళ్ళ కిందటి హిట్ ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా స్టేజి మీద మళ్ళీ వాయిస్తామని టికెట్లు పెడితే నేను కొనను. అదే మనుషులు కొత్త ఆల్బమ్ వేస్తే మాత్రం బాగుంటుందో లేదో తెలియకపోయినా కొనేస్తాను. మా ఆయన లెక్క దీనికి పూర్తిగా రివర్సు. "డబ్బులు పెట్టి తెలియని పాటలు వినడమేంటి, తెలిసినవి పాడించుకోవాలి గానీ" అంటారు. ఇళయరాజా కచేరీలకు వెళ్ళే మనవాళ్ళూ అంతే కదా. ఆయన 81 ఏళ్ళ వయసులో, 2025 మార్చిలో లండన్ వెళ్ళి సొంత సింఫనీ వినిపించి వచ్చాడని గొప్పగా చెప్పుకుంటారు, పాడమని అడిగేది మాత్రం 1980ల పాటలే.

నాకు ఆ పాత పాటలంటే ఇష్టం లేక కాదు. అవి ఇంట్లో ఉన్నాయి, ఎప్పుడైనా వినొచ్చు. అరవై దాటిన మనిషి ఇవాళ పొద్దున లేచి గిటారు పట్టుకుంటే ఏం తోస్తుందో అది తెలుసుకోవాలని ఉంటుంది. పైగా నేను చెప్పబోయే వాళ్ళలో ఇద్దరు మా ఊరివాళ్ళు.

మా ఊరంటే ఒహాయోలో డేటన్. మేముండేది దాని పక్కన బీవర్‌క్రీక్‌లో. డేటన్ అనగానే అందరికీ రైట్ సోదరులు, ఎయిర్‌ఫోర్స్ బేస్ గుర్తొస్తాయి. సంగీతం తెలిసినవాళ్ళయితే ఒహాయో ప్లేయర్స్ లాంటి 1970ల ఫంక్ బ్యాండ్ల పేర్లు చెప్తారు. మన తెలుగువాళ్ళకు మాత్రం రైట్ స్టేట్ యూనివర్సిటీ. ఎమ్మెస్‌కని వచ్చి, అక్కడే అపార్ట్‌మెంట్లో నలుగురైదుగురు సర్దుకుని, ఉద్యోగం రాగానే టెక్సాస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిపోతారు. మేము వెళ్ళలేదు. చలికాలంలో ఎందుకు వెళ్ళలేదా అనిపిస్తుంది, అది వేరే సంగతి. ఇక్కడ డౌన్‌టౌన్‌లో ఆరెగాన్ డిస్ట్రిక్ట్ అని పాత ఇటుక ఇళ్ళ పేట ఒకటుంది. అక్కడి ఒమేగా మ్యూజిక్ అనే రికార్డుల షాపులోనే నాకు కిమ్ డీల్ ఈ ఊరి మనిషని తెలిసింది.

కిమ్ డీల్ ఎవరో తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. 1961లో డేటన్‌లో పుట్టింది. 1986లో బోస్టన్‌లో పిక్సీస్ అనే కొత్త బ్యాండ్ బేస్ గిటారిస్టు కావాలని పేపర్లో ప్రకటన ఇస్తే వెళ్ళింది ఈమె ఒక్కతే. ఆమె వాయించేది మామూలు గిటారు, చేతిలో బేస్ కూడా లేదు. తీసుకున్నారు. ఆ బ్యాండ్ మొదటి రికార్డుల అట్టల మీద ఆమె పేరు ఉండదు, 'మిసెస్ జాన్ మర్ఫీ' అని మొగుడి పేరు ఉంటుంది. అది ఆమె వేసిన వెటకారం. తర్వాత కవల సోదరి కెల్లీతో కలిసి బ్రీడర్స్ బ్యాండ్ నడిపింది. 1993లో వచ్చిన వాళ్ళ 'లాస్ట్ స్ప్లాష్' ఆల్బమ్, అందులో 'కానన్‌బాల్' పాట అప్పట్లో ఎంటీవీలో మారుమోగాయి. 2013లో పిక్సీస్ నుంచి బయటికొచ్చేసింది. అప్పటికి ఎన్నో ఏళ్ళ నుంచి ఆమె ఉండేది డేటన్‌లోనే. అల్జీమర్స్ వచ్చిన తల్లిని చూసుకుంటూ ఉండిపోయింది.

సొంత పేరుతో ఆమె మొదటి ఆల్బమ్ 'నోబడీ లవ్స్ యూ మోర్'. 2024 నవంబర్ 22న వచ్చింది. అప్పటికి ఆమెకు 63 ఏళ్ళు. 11 పాటలు, అంతా కలిపి 35 నిమిషాలు. ఇందులో కొన్ని పాటలు 2013 ప్రాంతంలో ఆమె తన డబ్బులతో వేసుకున్న చిన్న సింగిల్ రికార్డుల్లో ఉన్నవే. మళ్ళీ పట్టుకుని, మార్చి, తీరిగ్గా ఇప్పుడు పూర్తి చేసింది. పెద్ద కంపెనీలో అయితే ఇంత కాలం ఎవడాగుతాడు? 4ఏడీ అనే లేబుల్‌తో, అంటే రికార్డులు వేసే కంపెనీతో, ఆమెకు పిక్సీస్ రోజుల నుంచి సంబంధం. ఆగారు.

రికార్డు మా ఇంటికొచ్చినప్పుడు మా అత్తయ్య గూడూరు నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు. అట్ట మీద నీళ్ళ మధ్య తెప్పలాంటి చిన్న బల్ల, దాని మీద కిమ్ డీల్, పక్కన గులాబి రంగు ఫ్లెమింగో. 1975లో ఒక్కడే చిన్న పడవలో అట్లాంటిక్ దాటుతానని బయల్దేరి తిరిగిరాని బాస్ యాన్ అడర్ అనే డచ్ కళాకారుణ్ణి తలుచుకుంటూ చేయించుకున్న బొమ్మట. నేను ఆ వివరమంతా మా అబ్బాయికి చెప్తుంటే అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని అట్ట దగ్గరగా పట్టుకుని చూశారు.

"ఏందమ్మే, మన పులికాట్ పక్షిని వీళ్ళెప్పుడు పట్టకపోయినారు?"

నెల్లూరు జిల్లా మనిషికి ఫ్లెమింగో కనిపిస్తే అట్లాంటిక్ ఏంటి, ఇంకేంటి. ఆ పక్షి సూళ్ళూరుపేటదే.

'ఆర్ యూ మైన్?' అనే పాట వచ్చేసరికి ఆవిడ చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నారు. 1950ల నాటి నెమ్మది ప్రేమపాటలా ఉంటుంది, వింటే ఎవరో ప్రియుణ్ణి అడుగుతున్నట్టే అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఒకరోజు ఇంట్లో నడవాలో ఎదురుపడిన తల్లి ఈమెను ఆపి, "నువ్వు నా పిల్లవేనా?" అని అడిగిందట. పాట అందులోంచి వచ్చింది. నేను ఇంత మాత్రం చెప్పాను. అత్తయ్య చెయ్యి ఆగింది. "మా పెద్దక్క కూడా అట్నే. ఆఖర్న రోజూ చూసే నన్ను పట్టుకుని ఎవురి బిడ్డవమ్మే నువ్వు అనేది. అన్నం పెట్టేటప్పుడు మాత్రం పేరు పెట్టి పిలిచేది" అన్నారు. కాసేపాగి, "ఈ పిల్లకి పెళ్ళయిందా?" అని అడిగారు. అరవై మూడేళ్ళావిడ, ఎప్పుడో చేసుకుని విడిపోయిందని చెప్పాను. "అమ్మను చూసుకునింది గదా, పోనీలే" అని చిక్కుళ్ళ పనిలో పడ్డారు. ఆ తర్వాత పాటలేవీ ఆవిడకు నచ్చలేదు. బొంగురు గొంతు అన్నారు. నిజానికి కిమ్ డీల్ గొంతు బొంగురు కాదు, సన్నటి గొంతులో కాస్త పొగ ఉంటుంది. వయసుతో అది పోలేదు.

ఈ పాట ముప్ఫై ఏళ్ళ వయసులో రాసేది కాదు. రాస్తే ప్రేమపాటే అయ్యేది, ఇంకే అర్థమూ ఉండేది కాదు. నేను కొత్త ఆల్బమ్‌ల వెంట పడేది ఇలాంటి వాటి కోసమే. 'కోస్ట్' పాటలో ట్రంపెట్లు, బూరలు హాయిగా ఉంటాయి, ఏ బీచిలోనో పెళ్ళి బ్యాండ్ వాయిస్తున్నట్టు. ఆ హాయి కింద దిగులు ఉంటుంది. 'క్రిస్టల్ బ్రెత్' అనే పాట ఓ టీవీ సిరీస్ టైటిల్ కోసం మొదలుపెడితే వాళ్ళు తీసుకోలేదు. ఈమె దాన్ని వదల్లేదు, పూర్తి చేసి ఇక్కడ పెట్టుకుంది. 'బిగ్ బెన్ బీట్' నాకు ఎక్కలేదు, గోల ఎక్కువ. మా అబ్బాయికి నచ్చిందల్లా అదొక్కటే.

ఈ ఆల్బమ్‌లో కొన్ని పాటలు రికార్డ్ చేసిన మనిషి అది బయటికి రాకముందే పోయాడు. స్టీవ్ ఆల్బిని, షికాగో. 2024 మే 7న గుండెపోటుతో పోయాడు, 61 ఏళ్ళు. 1988లో పిక్సీస్ 'సర్ఫర్ రోజా', 1990లో బ్రీడర్స్ మొదటి ఆల్బమ్ 'పాడ్' రికార్డ్ చేసింది ఆయనే. అంటే కిమ్ డీల్‌తో పరిచయం ముప్ఫై ఐదేళ్ళ పైమాటే.

ఆల్బిని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఆయన పద్ధతి నాకు భలే ఇష్టం. రికార్డు మీద 'ప్రొడ్యూసర్' అని తన పేరు వేయొద్దనేవాడు, రికార్డ్ చేసింది ఫలానా అంటే చాలు. స్టూడియోలో ఫ్యాక్టరీ వర్కర్లా పైనుంచి కిందదాకా ఒకే డ్రెస్సు వేసుకుని తిరిగేవాడు. రాయల్టీలు ముట్టుకునేవాడు కాదు. నిర్వాణా బ్యాండ్ వాళ్ళు 1993లో 'ఇన్ యూటెరో' చేయించుకునే ముందు, ప్లంబర్‌కి ఇచ్చినట్టు పనికి తగ్గ కూలి ఇవ్వండి చాలు అని వాళ్ళకు ఉత్తరం రాశాడు. అమ్మిన ప్రతి కాపీ మీద వాటా తీసుకుని ఉంటే కోట్లొచ్చేవి. లక్ష డాలర్లు తీసుకుని ఊరుకున్నాడు. పేరున్న బ్యాండ్ల దగ్గర ఎక్కువ తీసుకుని, డబ్బుల్లేని బ్యాండ్లకు తక్కువలో చేసిపెట్టేవాడు. 1997లో ఎలక్ట్రికల్ ఆడియో అని సొంత స్టూడియో కట్టుకున్నాడు. టేపు మీదే రికార్డింగ్. ఫోన్ చేస్తే ఆయనే ఎత్తుతాడని, ఎవరైనా బుక్ చేసుకోవచ్చని ప్రతీతి. పేకాట కూడా మామూలుగా ఆడలేదు, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో 2018లో ఒకసారి, 2022లో ఒకసారి గెలిచాడు.

ఆయన సొంత బ్యాండ్ షెల్లాక్. ముగ్గురే మనుషులు: ఆల్బిని గిటారు, బాబ్ వెస్టన్ బేస్, టాడ్ ట్రైనర్ డ్రమ్స్. అందరికీ వేరే పనులున్నాయి కాబట్టి కుదిరినప్పుడు వాయించుకునేవాళ్ళు. 2014లో ఒక ఆల్బమ్ వేశారు. తర్వాతది 'టు ఆల్ ట్రైన్స్'. 2017 నుంచి 2022 దాకా ఎప్పుడో ఒక వారాంతం, మళ్ళీ రెండేళ్ళకు ఇంకో వారాంతం అన్నట్టు రికార్డ్ చేసుకుంటూ వచ్చారు. విడుదల తేదీ ముందే చెప్పారు, 2024 మే 17. ఆ తేదీకి సరిగ్గా పది రోజుల ముందు ఆల్బిని పోయాడు. రికార్డు మాత్రం అనుకున్న రోజుకే వచ్చింది.

10 పాటలు, అరగంట కూడా ఉండదు. సోకు లేదు. గిటారు రేకు గీకినట్టు, డ్రమ్స్ మన ముందే గదిలో పెట్టి కొట్టినట్టు. ఆల్బిని గొప్పతనం ఆ డ్రమ్స్ శబ్దంలో ఉంది. మైకులు ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి. హెడ్‌ఫోన్స్‌లో వింటే గది ఎంత పెద్దదో కూడా చెప్పొచ్చు. చివరి పాట పేరు 'ఐ డోంట్ ఫియర్ హెల్'. నరకమంటే భయం లేదు, వెళ్తే అక్కడందరూ నాకు తెలిసినవాళ్ళే ఉంటారన్నట్టు సాగుతుంది. ఎప్పుడో రాసి పెట్టుకున్న పాట అది. పోయాక వచ్చింది కాబట్టి చాలామంది దాన్ని వీడ్కోలు పాటగా విన్నారు. నాకు మాత్రం అది జోకుగానే వినబడుతుంది, అలాగే వినాలనిపిస్తుంది. ఆ ముగ్గురూ చచ్చిపోవడం గురించి అనుకుని రాసినట్టు ఎక్కడా లేదు. టీ బ్రేక్‌లో నవ్వుకోవడానికి రాసుకున్నట్టుంది.

దాన్ని వేసిన లేబుల్ టచ్ అండ్ గో, అదీ షికాగోదే. వాళ్ళు కాగితం మీద కాంట్రాక్టు లేకుండా నోటిమాట మీద, ఖర్చులు పోగా వచ్చిన లాభం చెరి సగం అనే లెక్కలో నడిపినవాళ్ళు. మన ఊళ్ళలో కౌలుకిచ్చినట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ గొడవలు తక్కువ.

ఇక రాబర్ట్ పొలార్డ్. డేటన్ మనిషే. కిమ్ డీల్ పదకొండు పాటలకు పదేళ్ళు తీసుకుంటే, ఈయనకు అంతకంటే ఎక్కువ పాటలకు ఒక సీజన్ చాలు. 1957లో పుట్టాడు. మన పిల్లలు ఎమ్మెస్ చదివే రైట్ స్టేట్‌లోనే చదివాడు, అక్కడ బేస్‌బాల్ టీమ్‌లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. ఓ మ్యాచ్‌లో అవతలి టీముకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు నాలుగో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పాడు. సాయంత్రాలూ సెలవుల్లోనూ స్నేహితులతో కలిసి బేస్‌మెంట్లలో, గరాజుల్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద పాటలు కట్టేవాడు. ఆ బ్యాండ్ పేరు గైడెడ్ బై వాయిసెస్. 1994లో 'బీ థౌజండ్' ఆల్బమ్ బయటి ప్రపంచం చెవిన పడ్డాక టీచర్ ఉద్యోగం మానేశాడు. అప్పటికి నలభైకి దగ్గర పడుతున్నాడు. 20 పాటలు, 36 నిమిషాలు. టేపు బుస్సుమనే శబ్దం కూడా పాటలో భాగమే.

చిన్న ఊరు కాబట్టి వీళ్ళంతా ఒకరికొకరు తెలుసు. బ్రీడర్స్ 1994లోనే పొలార్డ్ బృందం పాట ఒకటి తమ రికార్డులో పాడారు. బ్రీడర్స్ డ్రమ్మర్ జిమ్ మెక్‌ఫర్సన్ కొన్నాళ్ళు పొలార్డ్ దగ్గర కూడా వాయించాడు.

2017లో వచ్చిన 'ఆగస్ట్ బై కేక్'ని పొలార్డ్ నూరో ఆల్బమ్‌గా లెక్కేశారు. అన్ని బ్యాండ్లూ, సొంతవీ కలిపి. అక్కడితో ఆగాడా అంటే లేదు. 2019లో మూడు, 2020లో మూడు, 2023లో మూడు. సొంత లేబుల్ కాబట్టి ఆపమనేవాడు లేడు. అట్టల మీద బొమ్మలు కూడా పాత పత్రికల్లోంచి కత్తిరించి అతికించి ఆయనే చేసుకుంటాడు. 2025 ఫిబ్రవరిలో 'యూనివర్స్ రూమ్' వచ్చింది, 17 పాటలు. అదే ఏడాది అక్టోబర్ చివర 'థిక్ రిచ్ అండ్ డెలిషియస్'.

ఇన్ని వేస్తే అన్నీ బాగుంటాయా? ఉండవు. నేను పొలార్డ్ ఆల్బమ్ వినే పద్ధతి ఒకటే: అంట్లు తోముతూ ఒకసారి మొత్తం పెడతాను. చెయ్యి తుడుచుకుని వెనక్కి తిప్పి మళ్ళీ విన్న పాటలు నాలుగైదు ఉంటే ఆ ఆల్బమ్ పాసైనట్టు. 'యూనివర్స్ రూమ్' పాసైంది. మంచి ట్యూన్ దొరికిందనుకునేసరికి వదిలేసి ఇంకోదాంట్లోకి వెళ్ళిపోతాడు, అది నాకు కొంచెం చిరాకు. ఇంకో గాయకుడైతే ఆ ట్యూన్ మీద ఇల్లు కట్టుకునేవాడు. ఈయనకు రేపు ఇంకోటి వస్తుందని ధీమా. నిజంగానే వస్తుంది మరి. గొంతు మాత్రం వయసు చెప్తోంది, పైస్థాయికి వెళ్ళినప్పుడు గరగరలాడుతుంది. ఆ గొంతుతో కుర్రాడిలా పాడాలని ప్రయత్నించకపోవడమే మేలైంది.

బాబ్ మోల్డ్ గురించి ఒక్క మాట. 1980లలో హస్కర్ డూ బ్యాండ్‌లో ఉన్నాయన. 2025 మార్చిలో 'హియర్ వీ గో క్రేజీ' వేశాడు, ఆల్బిని కట్టిన ఆ స్టూడియోలోనే. గిటారు జోరు ఏమీ తగ్గలేదు. నాకు మొదటి సగం చాలు, రెండో సగం అన్నీ ఒకేలా వినబడ్డాయి.

కిమ్ గోర్డన్ డేటన్ మనిషి కాదు, న్యూయార్క్‌లో మూడు దశాబ్దాలు సోనిక్ యూత్ అనే బ్యాండ్ నడిపినావిడ. ఈ లిస్టులో అందరికంటే పెద్దది, 1953లో పుట్టింది. అందరికంటే కుర్ర చప్పుడూ ఈవిడదే. 2024 మార్చిలో వచ్చిన 'ద కలెక్టివ్'లో గిటార్లు ఉన్నాయి గానీ కింద కొట్టేది ఈకాలం ర్యాప్ పాటల్లో వినబడే బీటు. బేస్ ఎంత బరువుగా ఉంటుందంటే మా కారు డోర్లు గిలగిలలాడాయి. మొదటి పాట 'బై బై' అంతా ప్రయాణానికి సర్దుకునే సామాన్ల లిస్టే. పాస్‌పోర్ట్, పైజమాలు, నిద్రమాత్రలు, పవర్ కార్డ్, కుక్కను చూసుకునేవాళ్ళకు ఫోన్. ఏ భావమూ లేకుండా చదువుతుంది, అయినా టెన్షన్ వచ్చేస్తుంది. ఇండియా వెళ్ళే ముందు రోజు రాత్రి, తూకం మిషన్ మీద సూట్‌కేసు ఎక్కించి దించేవాళ్ళకు ఈ పాట నేను చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఆవిడ లిస్టులో ఆవకాయ లేదు, అంతే తేడా. ఆ ఆల్బమ్‌కి గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

2025లో ఆ పాటనే 'బై బై 25!' అని మళ్ళీ పాడింది. ఈసారి సామాన్ల బదులు, ట్రంప్ ప్రభుత్వం ఆఫీసు కాగితాల్లోంచి, వెబ్‌సైట్లలోంచి తీసేయించాలనుకున్న మాటల లిస్టు. అదే బీటు, అదే గొంతు. కొత్త పాటలెందుకు కొంటావని మా ఆయన మళ్ళీ అడిగితే ఈసారి వాదన పెట్టుకోకుండా ఇదొక్కటి వినిపిద్దామనుకుంటున్నాను. మీరు వినేటట్టయితే కిమ్ డీల్‌తో మొదలుపెట్టండి, పొలార్డ్‌ని పని చేసుకుంటూ వినండి, షెల్లాక్‌ని మంచి హెడ్‌ఫోన్స్‌లో. గోర్డన్ ఆల్బమ్ మాత్రం ఇంట్లో అత్తమామలు నిద్రపోయాక పెట్టుకోవడం క్షేమం. ఆ సామాన్ల లిస్టులో నేను పైన రాయని వస్తువులు కూడా ఉన్నాయి.